చాపకూడు చాలలేదు

పల్నాటి గాథ అనగానే మనకు ముందు కత్తులే గుర్తొస్తాయి. యువవీరుడు బాలచంద్రుడి దూకుడు, నాయకురాలు నాగమ్మ ఎత్తులు, కోడిపందెం. 1947లో ఒకసారి, 1966లో మరోసారి సినిమా తీశారు. రెండిటి పేరూ ‘పల్నాటి యుద్ధం’. యుద్ధం కన్నా కష్టమైన పని ఒకటి అదే కథలో ఉంది: అందరూ ఒకే బంతిలో కూర్చుని తినడం.

12వ శతాబ్దపు మాచర్లలో మంత్రి బ్రహ్మనాయుడు కులాల తేడా లేకుండా అందరికీ ఒక్కచోటే వడ్డన చేయించాడంటారు. జనం నోట అది చాపకూడు. మాల కులంలో పుట్టిన కన్నమదాసును కొడుకులా పెంచి సేనాపతిని చేశాడనీ చెబుతారు. ఇందులో చరిత్రెంతో, కల్పనెంతో పండితులు తేల్చుకోవాలి. శ్రీనాథుడి పేర ద్విపద ఉన్నా, ఊరూరా ఈ కథను పాడి బతికించింది మాల కులానికి చెందిన వీరవిద్యావంతులు. చాప మీద చోటు విలువ వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

అయినా యుద్ధం ఆగలేదు. ఆ చాప మాచర్ల వైపే పరిచి ఉంది, గురజాల వైపు లేదు. అన్నదమ్ములైన మాచర్ల మలిదేవుడూ గురజాల నలగామరాజూ రాజ్యం పంచుకున్నారు గానీ పక్కపక్కన కూర్చోలేకపోయారు. కోడిపందెంలో ఓడిన మాచర్ల వాళ్లు ఏడేళ్లు ఊరొదిలి వెళ్లారు. గడువు తీరాక రాజ్యం అడగడానికి అలరాజు అనే అలరాచమల్లుడిని రాయబారం పంపారు. అతను నలగాముడికి స్వయానా అల్లుడు, పేరిందేవి భర్త. రెండు వైపులా బంధుత్వం ఉన్న మనిషి. తిరుగుదారిలో, చర్లగుడిపాడులో, గురజాల వాళ్లు విషం పెట్టి చంపించారు. నన్నడిగితే కారెంపూడి యుద్ధం నాగులేటి ఒడ్డున కాదు, అక్కడే మొదలైంది. రెండిళ్లకూ కావలసిన వాడు పోయాక ఇక మిగిలేది కత్తులే కదా.

తప్పంతా నలగాముడి మంత్రి నాగమ్మ మీదకు నెట్టేసిన కథ కూడా ఇదే. కులాన్ని చాప మీద కూర్చోబెట్టగలిగింది గానీ, అధికారంలో ఉన్న ఆడదాన్ని మాత్రం క్షమించలేకపోయింది. చాపకూడుకీ అంచులున్నాయన్నమాట.

ఏటా కార్తీక అమావాస్యకు కారెంపూడిలో అయిదు రోజుల వీరుల తిరునాళ్లు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. మందపోరు నాడు చాపకూడు ఉంటుంది, జనం విరగబడి వస్తారు. అదే పల్నాడులో 2024 మేలో పోలింగు గొడవలు చెలరేగి 144 సెక్షన్ పెట్టాల్సి వచ్చింది. ఏడాదికో పూట కలిసి తినే అలవాటు మిగతా రోజుల పగలను తీర్చలేదని ఆ ప్రాంతానికి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

అందుకే ఈ కథలో నేను బాలచంద్రుడి కన్నా అలరాజు దగ్గరే ఎక్కువ సేపు ఆగుతాను. అతనికి సినిమా లేదు, పౌరుషం డైలాగులు లేవు. ప్రతి ఊళ్లోనూ అలాంటివాడు ఒకడుంటాడు: పుట్టిల్లు ఒక పార్టీ, అత్తారిల్లు ఇంకో పార్టీ. గొడవ ముదిరితే రెండు వైపులా ముందుగా అనుమానించేది అతన్నే. “నువ్వు ఎటువైపు?” అని ఇద్దరూ అడుగుతారు. “ఒకసారి వెళ్లి మాట్లాడిరా బాబూ” అని ఏ పెద్దమనిషీ అనడు.