పడమటి మెరుపు: భిలాయ్‌లో వేసవి రాత్రి వాన కోసం ఎదురుచూపు

మే నెల. భిలాయ్ ఉక్కు నగరంలో రాత్రి తొమ్మిదిన్నర దాటుతుంది. పగటి ఎండకు కాగిన మేడ గచ్చు ఇంకా సెగ వదులుతూనే ఉంటుంది. రాత్రి షిఫ్టుకు వెళ్లేవాళ్లు బండ్లు బయటికి తీస్తుంటారు. అప్పుడు పడమటి దిక్కున, నేలకు కాస్త పైన, చప్పుడు లేకుండా ఒక వెలుగు మిణుక్కుమంటుంది. కొన్ని క్షణాలకు మరొకటి. మేడ మీద చాప పరుచుకుని నడుం వాల్చినవాళ్లు లేచి కూర్చుంటారు. ఫోన్లు వెలుగుతాయి. అందరిదీ ఒకటే ప్రశ్న: "ఇవాళైనా వస్తుందా?"

వేసవి రాత్రుల్లో ఉరుముల వాన కోసం ఇలా ఆకాశం చూసేవారు మధ్య భారతమంతటా ఉన్నారు. కొందరికి అది అలవాటు, కొందరికి అవసరం, మరికొందరికి ఇష్టమైన వ్యాపకం. ఉపగ్రహ చిత్రాలు, రాడార్ బొమ్మలు, పిడుగుల పటాలు ఇప్పుడు అందరి చేతుల్లోకీ వచ్చాయి. దాంతో మేడ మీది ఎదురుచూపు కాస్తా చిన్నపాటి వాతావరణ పరిశీలనగా మారింది. అయితే మేఘం దగ్గరికి వచ్చాక మేడ ఎప్పుడు దిగాలో తెలియకపోతే ఈ వ్యాపకం ప్రాణం మీదికి తెస్తుంది.

రెండు పేర్లు, ఒకే ఎండ

సోవియట్ యూనియన్ సహకారంతో నిర్మించిన భిలాయ్ ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరిలో మొదలైంది. పని కోసం దేశం నలుమూలల నుంచీ జనం వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. మే చివరి వారం రాగానే ఛత్తీస్‌గఢీ ఇరుగుపొరుగు 'నౌతపా' మొదలైందంటారు. తెలుగువాళ్లు రోహిణి కార్తె వచ్చిందని, రోళ్లు పగిలే ఎండలని అంటారు. రెండూ ఒకటే లెక్క. సూర్యుడు రోహిణి నక్షత్రంలో ప్రవేశించే రోజుల్ని, అంటే సుమారు మే 25 నుంచి వచ్చే రోజుల్ని, రెండు సంప్రదాయాలూ రెండు పేర్లతో గుర్తుపెట్టుకున్నాయి.

రుతుపవనాలు ఛత్తీస్‌గఢ్‌కు చేరేది సాధారణంగా జూన్ రెండు, మూడు వారాల్లో. అంతవరకూ, అంటే మార్చి నుంచి మే దాకా, పడే వానలో ఎక్కువ భాగం ఉరుములతో కూడినదే. ఆ వాన ఊరంతటికీ ఒకేలా పడదు. సెక్టార్-6లో వీధులు తడిసినా మరోడాలో దుమ్ము మాత్రమే లేవొచ్చు. అందుకే ఎదురుచూపులో అంత ఉత్కంఠ.

ఎండ ఒక్కటే చాలదు

ఎండ బాగా కాస్తే వాన వస్తుందని పెద్దవాళ్లు అంటుంటారు. అందులో నిజం ఉంది కానీ అది సగమే. ఉరుముల మేఘం ఎదగాలంటే మూడు కావాలి. నేల దగ్గర తగినంత తేమ ఉండాలి. కిందిగాలి వేడిగా, పైగాలి చల్లగా ఉండి అస్థిరత ఏర్పడాలి. ఆ కిందిగాలిని పైకి నెట్టే శక్తి ఒకటి తోడవ్వాలి.

తేమ ప్రధానంగా బంగాళాఖాతం నుంచి వస్తుంది. వేసవిలో మధ్య భారతం మీదుగా దక్షిణాదికి తరచుగా ఒక ద్రోణి విస్తరిస్తుంది. వాతావరణ బులెటిన్లలో 'గాలుల విచ్ఛిన్నత' అనే మాట వినిపించేది దాని గురించే. దీనికి ఒకవైపు వాయువ్యం నుంచి వచ్చే పొడిగాలి, మరోవైపు సముద్రం నుంచి వచ్చే తేమగాలి ఉంటాయి. రెండూ కలిసేచోట గాలి పైకి లేస్తుంది. ఉత్తరాదిన పశ్చిమ అలజడులు చురుగ్గా ఉన్నప్పుడు ఎత్తులో చల్లగాలి చేరి అస్థిరత ఇంకా పెరుగుతుంది.

ఆకాశం చూసేవారు ఉష్ణోగ్రత కన్నా ముందు డ్యూ పాయింట్ చూసేది ఇందుకే. గాలి ఎన్ని డిగ్రీలకు చల్లబడితే అందులోని తేమ నీటి బిందువులుగా మారుతుందో చెప్పే అంకె అది. ఒక చిన్న లెక్కతో దాని విలువ తెలుస్తుంది. ఉష్ణోగ్రతకూ డ్యూ పాయింట్‌కూ ఉన్న తేడాను 125తో గుణిస్తే మేఘం అడుగు ఎన్ని మీటర్ల ఎత్తున ఉంటుందో సుమారుగా వస్తుంది. ఉష్ణోగ్రత 42, డ్యూ పాయింట్ 20 అయితే మేఘం అడుగు దాదాపు 2,750 మీటర్ల ఎత్తున ఉంటుంది. డ్యూ పాయింట్ 8కి పడిపోతే ఆ ఎత్తు 4,250 మీటర్లు అవుతుంది. అంత ఎత్తు నుంచి పడే చినుకుల్లో చాలా భాగం దారిలోనే ఆవిరైపోతుంది. ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తుంది. చల్లబడి బరువెక్కిన ఆ గాలి వేగంగా కిందికి దూకుతుంది. వాన లేకుండా దుమ్ముతో వచ్చే 'ఆంధీ' వెనుక ఉన్న కారణం ఇదే. మేడ మీది బట్టలు ఎగిరిపోతాయి, చుక్క నీరు పడదు.

రాత్రిపూటే ఎందుకు?

నేల బాగా వేడెక్కేది మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు గంటల మధ్య. మేఘాలు కూడా ఎక్కువగా అప్పుడే పుడతాయి. భిలాయ్‌కి వాయువ్యంగా ఉన్న మైకల్ కొండల వంటి ఎత్తైన చోట్ల గాలి త్వరగా పైకి లేస్తుంది కాబట్టి మొదటి గోపురాలు అక్కడ కనిపిస్తాయి. రుతుపవనాలకు ముందు ఎత్తులో వీచేవి పడమటి గాలులు. మేఘాలను అవి తూర్పుకు తోసుకొస్తాయి. అందుకే భిలాయ్‌లో చూపులన్నీ రాజనందగావ్, డోంగర్‌గఢ్ వైపే ఉంటాయి. గంటకు 40, 50 కిలోమీటర్ల వేగంతో కదిలే మేఘం సుమారు 70 కిలోమీటర్ల దూరంలోని డోంగర్‌గఢ్ నుంచి భిలాయ్ చేరడానికి గంటన్నర పడుతుంది. భిలాయ్ తడిసిన ముప్పావుగంటకు రాయ్‌పూర్ వంతు.

అయితే ఒక్క మేఘం ఆయుష్షు అరగంట, గంటకు మించదు. మరి సాయంత్రం పుట్టిన వాన అర్ధరాత్రి దాకా ఎలా బతుకుతుంది? ఒక మేఘం కురిసినప్పుడు కిందికి దూకిన చల్లగాలి నేల మీద పరుచుకుంటూ ముందుకు పోతుంది. తన ముందున్న వెచ్చని, తేమగల గాలి కిందికి దూరి దాన్ని పైకి ఎత్తుతుంది. అక్కడ కొత్త మేఘం పుడుతుంది. అది కురిసి మరొక మేఘానికి జన్మనిస్తుంది. ఈ గొలుసు తెగనంతసేపు సూర్యుడితో పని లేదు. గొలుసు ఎక్కడ తెగుతుందో చెప్పడమే కష్టం. పడమట గంటసేపు మెరిసి చల్లారిపోయే రాత్రులు కూడా తక్కువేమీ కాదు.

ఈ శాస్త్రంలో ఒక తెలుగు పేరు కూడా ఉంది. భారత వాతావరణ శాఖకు అధిపతిగా పనిచేసిన పంచేటి కోటేశ్వరం, శ్రీనివాసన్‌తో కలిసి 1958లో బెంగాల్ వేసవి ఉరుముల వానల మీద ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. కింద గాలులు ఒకచోటికి చేరడం, అదే చోట పైన గాలులు విడిపోవడం రెండూ కలిసి జరిగినప్పుడు ఉరుముల వానకు అనుకూలమని అందులో చూపారు. పొయ్యిలో మంట పైకి లేవాలంటే పైన పొగగొట్టం కూడా తెరిచి ఉండాలి కదా, అలాంటిదే ఇది.

చప్పుడు లేని మెరుపు

పడమటి దిక్కున మొదట కనిపించిన ఆ నిశ్శబ్దపు వెలుగును చాలామంది 'ఎండ మెరుపు' అనుకుంటారు, వేడి వల్లనే మెరుస్తుందనుకుంటారు. నిజానికి అది మామూలు మెరుపే, దూరంలో ఉందంతే. ఉరుము సాధారణంగా 15, 20 కిలోమీటర్లకు మించి వినిపించదు. వెలుగు అలా కాదు. 15 కిలోమీటర్ల ఎత్తుకు పెరిగిన మేఘం కొన, భూమి వంపును లెక్కలోకి తీసుకున్నా, 400 కిలోమీటర్ల అవతల నుంచి కూడా కనిపించాలి. దుమ్ము వల్ల అంత దూరం కనిపించకపోయినా వంద కిలోమీటర్లకు పైగా ఉన్న మెరుపును చీకటి రాత్రి చూడటం అసాధ్యమేమీ కాదు.

ఉక్కు నగరంలో ఇంకో చిక్కు ఉంది. కరిగిన లోహం, వేడి స్లాగ్, మండే వాయువుల వెలుగు కూడా రాత్రి ఆకాశం మీద పడుతుంది. చూపు అలవాటైనవారు తేడా పట్టేస్తారు. కర్మాగారపు వెలుగు నారింజ రంగులో మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతుంది. మెరుపు తెల్లగా, నీలంగా, అదురుతూ క్షణంలో మాయమవుతుంది.

అరచేతిలో ఆకాశం

మెరుపు కనిపించాక తర్వాతి పని ఫోన్‌లో చూడటం. ఇన్‌శాట్ ఉపగ్రహాల పరారుణ చిత్రాల్లో మేఘాల పైభాగం ఎంత చల్లగా ఉంటే మేఘం అంత ఎత్తు పెరిగినట్టు. పుణేలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ రూపొందించిన 'దామిని' యాప్ చుట్టుపక్కల 20 నుంచి 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగుల కదలికను చూపిస్తుంది. వాతావరణ శాఖ వచ్చే మూడు గంటలకు 'నౌకాస్ట్' హెచ్చరికలు ఇస్తుంది.

రాడార్‌కు కూడా భూమి వంపు అడ్డు వస్తుంది. నాగపూర్ డాప్లర్ రాడార్ నుంచి భిలాయ్ సుమారు 240 కిలోమీటర్ల దూరం. అర డిగ్రీ కోణంలో పంపిన కిరణం ఇక్కడికి వచ్చేసరికి 5 కిలోమీటర్లకు పైగా ఎత్తులో ఉంటుంది. మేఘం కింద ఏం జరుగుతోందో దానికి తెలియదు. రాడార్లు దగ్గరదగ్గరగా ఎందుకుండాలో ఈ ఒక్క అంకె చెబుతుంది. 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన 'మిషన్ మౌసమ్' లక్ష్యాల్లో రాడార్లను పెంచడం ఒకటి. 2025 మేలో మొదలైన 'భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్' దేశాన్ని 6 కిలోమీటర్ల గడులుగా చూస్తుంది. అంతకు ముందు ఆ గడి 12 కిలోమీటర్లు. అయినా ఉరుముల మేఘం ఒక గడిలో ఇమిడిపోయేంత చిన్నది. రేపు ఈ జిల్లాలో ఉరుముల వానకు అవకాశం ఉందని నమూనా చెప్పగలదు. ఏ వీధిలో కురుస్తుందో చివరి గంటలో రాడార్, కళ్లు చెప్పాల్సిందే.

ఈ ఆసక్తి తెలుగు రాష్ట్రాల్లోనూ బలంగా ఉంది. 'ఆంధ్రప్రదేశ్ వెదర్‌మ్యాన్' పేరుతో తెలుగులో వాతావరణ సమాచారం అందిస్తున్న సాఫ్ట్‌వేర్ ఇంజనీరు సాయి ప్రణీత్ గురించి 2021 జూలైలో ప్రధాని 'మన్ కీ బాత్'లో ప్రస్తావించారు. చెన్నై, హైదరాబాద్ వంటి నగరాల్లోనూ ఇలాంటి ఔత్సాహికులను అనుసరించేవారు చాలామంది ఉన్నారు. అధికారిక హెచ్చరిక ఇచ్చేది మాత్రం వాతావరణ శాఖే. ఔత్సాహికుల పరిశీలన దానికి తోడు.

మేడ దిగాల్సిన క్షణం

గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆ తర్వాత పడమటి నుంచి చల్లటి ఈదురుగాలి కొడుతుంది. కొన్ని నిమిషాల్లోనే ఉష్ణోగ్రత 10 డిగ్రీల దాకా పడిపోవచ్చు. మట్టివాసన కూడా అప్పుడే వస్తుంది. ఎక్కడో మొదలైన వాన వాసనను చల్లగాలి ముందే మోసుకొస్తుంది. ఈ వాసనకు 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 'పెట్రికోర్' అని పేరు పెట్టారు. కన్నౌజ్‌లో కాల్చిన మట్టి నుంచి అదే వాసనతో అత్తరు తీస్తారు.

వేసవి అంతా ఎదురుచూసిన క్షణం ఇదే. అప్పుడే మేడ దిగాలి. మేఘం లోపల మంచు స్ఫటికాలు, మెత్తటి మంచు గుళికలు ఢీకొని విద్యుదావేశాలు విడిపోతాయి. ఆ తేడా భరించలేనంత పెరిగినప్పుడు గాలిని చీల్చుకుంటూ విద్యుత్తు ప్రవహిస్తుంది. ఆ దారిలో ఉష్ణోగ్రత దాదాపు 30,000 డిగ్రీలకు చేరుతుంది. వాన పడుతున్న చోటికి 10 కిలోమీటర్ల అవతల కూడా పిడుగు పడొచ్చు. అంటే తల మీద చుక్కలు కనిపిస్తున్నా ప్రమాదం లేనట్టు కాదు.

లెక్క సులువు. మెరుపు కనిపించిన దగ్గర నుంచి ఉరుము వినిపించే దాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు వస్తాయి. 30 సెకన్ల లోపు ఉరిమితే మెరుపు 10 కిలోమీటర్ల లోపలే ఉంది, వెంటనే ఇంట్లోకి వెళ్లాలి. చివరి ఉరుము విన్న 30 నిమిషాల దాకా బయటికి రాకూడదు. పక్కా ఇల్లు, అద్దాలు మూసిన కారు క్షేమం. చెట్టు కింద, రేకుల షెడ్డులో, వరండాలో నిలబడటం క్షేమం కాదు.

జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో పిడుగుపాటుకు 2,887 మంది చనిపోయారు. బాధితుల్లో ఎక్కువమంది పొలాల్లో, ఆరుబయట పనిచేసేవారే. ఛత్తీస్‌గఢ్ అడవుల్లో ఏప్రిల్, మే నెలలు తునికాకు కోత కాలం. కోతకు వెళ్లినవారికి పరుగెత్తి చేరడానికి పక్కా ఇల్లు దగ్గరలో ఉండదు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదైనప్పుడు, ముందస్తు హెచ్చరిక పల్లె దాకా చేరడం ఎంత అవసరమో అందరికీ తెలిసివచ్చింది. పిడుగు తగిలిన మనిషి ఒంట్లో విద్యుత్తు నిలిచి ఉండదు. వెంటనే ముట్టుకోవచ్చు. ఊపిరి ఆగితే ఛాతీ నొక్కుతూ 108కి ఫోన్ చేయాలి. ముట్టుకుంటే షాక్ కొడుతుందన్న భయంతో పోయే నిమిషాలే ప్రాణం తీస్తాయి.

తెల్లవారాక

ఉదయం 8:30కి వాతావరణ శాఖ కేంద్రాలు గడిచిన 24 గంటల వానను కొలుస్తాయి. ఇంటి మేడ మీద కూడా ఆ పని చేయొచ్చు. నిలువు గోడలున్న గిన్నెను చెట్లకు, గోడలకు దూరంగా పెట్టి, అందులో నిలిచిన నీటి ఎత్తును స్కేలుతో కొలిస్తే చాలు. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీరు. వడగళ్లు, ఈదురుగాలి, పిడుగు, దుమ్ము తుపాను వంటివి ఎక్కడ, ఎప్పుడు చూశారో ప్రజల నుంచి కూడా వాతావరణ శాఖ సేకరిస్తోంది. రాడార్ కిరణం పైనుంచి వెళ్లిపోయే చోట, కొలిచే కేంద్రం లేని చోట, ఇలాంటి నమోదు శాస్త్రవేత్తలకు పనికొస్తుంది.

కొన్ని ఉదయాలు గిన్నె అడుగున దుమ్ము మాత్రమే ఉంటుంది. తేదీ పక్కన సున్నా రాసి, రాత్రి పడమట ఎన్ని గంటలకు మెరిసిందో దాని పక్కనే రాసుకుంటారు. రెండు, మూడు వేసవులు గడిచేసరికి ఆ పుస్తకంలో తమ ఊరి ఆకాశం అలవాట్లు కనిపిస్తాయి. సాయంత్రం మళ్లీ మేడ గచ్చు మీద నీళ్లు చల్లి, చాప పరిచి, పడమటికి తిరిగి కూర్చుంటారు.