శ్రమజీవి నీలికోటు

నర్సీపట్నమునుండి చింతపల్లి, లంబసింగి వైపు ధనుర్మాసపు తెల్లవాఱుజామున బస్సెక్కువారు స్వెట్టర్లు, మఫ్లర్లు వెదకికొందురు. ఆ బస్సును నడపు డ్రైవరు మాత్రము ఏ ఋతువునందైనను ఖాకీదుస్తులలోనే కానవచ్చును. ఆ ఖాకీని ఎవ్వరును అందమైన వస్త్రమనరు, దాచుకొనదగినదని తలపరు. చినిగినచో అది మసిగుడ్డ యగును. కాని లోకములో మఱియొకచోట ఇట్టి పనిబట్టకే వేఱొక యోగము పట్టినది. ఫ్రాన్సుదేశమున కార్ఖానా కూలీలు తొడిగి విడిచిన పాత నీలికోట్లను నేడు అనేక దేశములవారు వెదకి కొనుచున్నారు. అతుకులు పడిన కోటుపై ఎక్కువ మక్కువ చూపువారును కలరు. దీనికి కారణమేమి? ఆ నీలమునకును మన తెలుగుసీమకును గల సంబంధమేమి? ఈ రెండు ప్రశ్నలను నేడు పరిశీలింతము.

ఆ కోటును ఫ్రెంచివారు 'బ్లె ద త్రవాయ్' అందురు. 'పనినీలము' అని దాని యర్థము. పూర్వము ఆ దేశపు పల్లెలలో రైతులును బండివాండ్రును వదులైన నీలి అంగీలు తొడిగెడివారు. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున కార్ఖానాలును రైలుమార్గములును పెరిగినవి. తిరుగుచున్న యంత్రచక్రముల నడుమ వ్రేలాడు అంగీ ప్రాణాపాయము. పొట్టిదై, ఒంటికి దగ్గఱగా ఉండు కోటు అట్టి పనికి అనువైనది.

అందులో అలంకార మేదియు లేదు. ముందు ఒక వరుస బొత్తాములు, మడచిన కాలరు, క్రింద రెండు పెద్ద జేబులు, రొమ్ముపై ఒక చిన్న జేబు. జేబులన్నియు పైనుండి కుట్టినవే. చినిగినచో ఆ జేబునే విప్పి మార్చుకొనవచ్చును. లోపల లైనింగు ఉండదు గనుక ఉదుకుట సులభము, ఆఱుట సులభము. గుడ్డ కొన్నింటికి డ్రిల్లు, కొన్నింటికి మోల్‌స్కిన్. మోల్ అనునది నేలలో బొరియలు త్రవ్వుకొను చిన్న జంతువు. దాని చర్మమువలె నున్నగా నుండుటచే ఈ నూలుగుడ్డకు ఆ పేరు వచ్చినది. పోగులను మిక్కిలి దట్టముగా నేయుదురు గనుక చలిగాలిగాని, ముల్లుగాని సులభముగా చొరవు.

నీలమునే ఏల యెన్నుకొనిరి? నూనెమరకయు, మసియు తెల్లగుడ్డపై వలె నీలిగుడ్డపై బయటపడవు. ఎన్నిమార్లు ఉదికినను ఆ రంగు ఒక్కసారిగా పోదు. పైగా ఆ దేశమున రంగే మనిషి పనిని చెప్పెడిది. కార్ఖానా కూలికి నీలము, బడిపంతులుకును ఇనుపసామానుల వర్తకునికిని బూడిదరంగు అంగీ, వైద్యునికి తెలుపు.

ఈ నీలిరంగు వెనుక పెద్ద చరిత్ర కలదు. పదునాఱవ శతాబ్దిలో ఫ్రెంచివారు 'పాస్తెల్' అను మొక్క యాకులనుండి నీలము తీసెడివారు. తులూజు నగరపు వర్తకులు ఆ వ్యాపారముననే ధనవంతులైరి. ఇంతలో ఓడలపై భారతదేశపు నీలిమందు దిగినది. అది అదే తూకమునకు అంతకంటె ఎంతో ఎక్కువ రంగునిచ్చును. స్వదేశపు పంట నశించునని భయపడి, 1609లో నాల్గవ హెన్రీ రాజు ఇండియా నీలిని వాడువారికి మరణదండన విధించుచు శాసనము చేసెను. 1737లో గాని ఆ కట్టుబాట్లు తొలగలేదు. ఒకనాడు ప్రాణము తీయదగిన నేరమైన రంగు, తరువాత ఆ దేశపు శ్రమజీవులకే గుర్తైనది!

పదునెనిమిదవ శతాబ్దిలో ఫ్రాన్సునకు నీలి విశేషముగా కరేబియను సముద్రములోని సాన్ దొమింగ్ వలసనుండి వచ్చుచుండెను. అచ్చట దానిని పండించినవారు ఆఫ్రికానుండి తేబడిన బానిసలు. 1791లో వారు తిరుగబడగా ఆ సరఫరా దెబ్బతినెను. ఆపై యూరపు బజారులలో భారతదేశపు నీలిదే పైచేయి. బెంగాలుది అగ్రస్థానము, మద్రాసు రాజధానిలో కడప, కర్నూలు, నెల్లూరు మండలములు ప్రసిద్ధికెక్కినవి. లండనులో 'కర్పా' యను పేర అమ్ముడైన నీలి మన కడప నీలియే; తెల్లదొరల నోట కడప అట్లు మాఱినది. ఫలానా కోటులో ఫలానా నేల రంగు కలదని యెవ్వరును చెప్పజాలరు. కాని మన రైతు పండించిన ఆకును, పరదేశపు కూలి ఒంటిని కలిపిన బజారు ఒక్కటే.

ఫ్రెంచివారును మనకు క్రొత్తవారు కారు. వారు 1669లో మచిలీపట్నమున వర్తకస్థానము నెలకొల్పిరి. 1753లో ఉత్తర సర్కారులు బుస్సీ చేతికి వచ్చినవి. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధమున వారు ఓడిరి. అప్పటినుండి ఈ సీమపై వారి పట్టు సడలినది. యానాము మాత్రము 1954 వఱకు వారి పాలనలో నుండెను. పుదుచ్చేరిలో నీలి అద్దిన 'గినీ' గుడ్డను వారు ఆఫ్రికాలోని సెనెగల్‌కు పంపి, బదులుగా అచ్చటి తుమ్మబంకను తెచ్చుకొనెడివారు.

నీలిరంగు స్వభావము విచిత్రమైనది. అది నీటిలో కరగదు. పులియబెట్టిన తొట్టిలో దాని రూపు మాఱి కరగును. అందు ముంచి తీసిన గుడ్డ మొదట పసుపుపచ్చగా నుండి, గాలి సోకినకొలది కన్నులయెదుటనే నీలమగును. ఎన్ని ముంపులైన అంత చిక్కన. ఐనను రంగు దారము నడిమివఱకు చొరక, పైపొరనే అంటియుండును. రాపిడి తగిలినచోట లోపలి తెలుపు బయటపడును. కనుక సుత్తి పట్టినవాని కుడిచేయి మడత, బరువు మోసినవాని భుజము వేఱువేఱుగా వెలిసిపోవును. రెండు కోట్లు ఒక్క తీరున వెలియవు. వెలిసిన నీలము ఆ మనిషి దినచర్యయే.

1897లో జర్మనీలోని బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థ కృత్రిమ నీలిని బజారులోనికి తెచ్చినది. మొదటి ప్రపంచయుద్ధము నాటికే మన నీలి యెగుమతి కుదేలైనది, నీలితొట్లు ఎండిపోయినవి. నేడు బజారున దొరకు నీలికోట్లలో ఎక్కువవి ఆ తరువాతి కాలమున రసాయనపు రంగు పూసుకొన్నవే.

కోటు వయస్సు కనుగొనుటకు కొన్ని ఆనవాళ్లు కలవు. గుడ్డ కుదించుకొనిపోకుండ చేయు 'సాన్‌ఫరైజ్డ్' పద్ధతి 1930లో పేటెంటు పొందినది. ఆ ముద్ర యున్న కోటు అంతకు పూర్వపుది కాదు. ఉదుకుతొట్టి, ఇస్త్రీపెట్టె బొమ్మలుగల చీటి యున్నచో 1950ల చివరనో, ఆ తరువాతనో కుట్టినది. ఎముక, గవ్వ బొత్తాములు తఱచు పాతకాలపువి, ప్లాస్టిక్కువి ఇటీవలివి. అతుకుగుడ్డ వేఱొక ఛాయలో నున్నచో అది ఇంటి ఇల్లాలి చేతిపని కావచ్చును.

న్యూయార్కు నగరమున వీధులలో తిరుగుచు జనుల వేషములను ఫోటోలు తీసిన బిల్ కన్నింగ్‌హామ్ అను పత్రికా ఛాయాగ్రాహకుడు 2016లో మరణించువఱకు ఈ నీలికోటునే తొడిగెను. లోకపు సొగసులన్నియు చూచినవాడు తనకొఱకు ఎన్నుకొన్నది ప్యారిసు వీధులూడ్చువారి కోటు.

వెల పెరుగుట గొప్ప విషయము కాదు. కోటు మిగిలియుండుటయే గొప్ప. మన ప్రదర్శనశాలలలో రాజుల పట్టుపాగాలు కలవు. రైలు ఫైర్‌మాను కోటు, తపాలాబంట్రోతు ఖాకీ అరుదు. దుమ్ము అను అర్థముగల పారశీకపదమునుండి పుట్టిన ఖాకీ, దుమ్మును దాచును. నీలికోటు నూనెమరకను దాచినట్లే. ఎవ్వరును దాచనిచో మన తాతల శ్రమకు సాక్ష్యము మసిగుడ్డగా ముగియును. పోయిన విద్య మరల రాగలదని ధైర్యము చెప్పు ఉదాహరణము ఈ సమీపముననే కలదు. అనకాపల్లి జిల్లాలోనే, వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాకలో సీ. వీ. రాజుగారు లక్కబొమ్మలకు చెట్టుచేమల రంగులను పునరుద్ధరించిరి. 2023లో వారికి పద్మశ్రీ లభించినది.

కావున మీ యింట పెద్దల పనిబట్ట యేదైన పెట్టె అడుగున నున్నచో పాఱవేయకుడు. సబ్బుతో మెల్లగా ఉదికి నీడను ఆఱబెట్టుడు. ఇనుపహాంగరుకు వ్రేలాడదీయక, పాత తెల్లగుడ్డలో చుట్టి పెట్టుడు. వర్షాకాలము వెళ్లినపిదప ఒకమారు గాలి తగులనీయుడు. అతుకులను విప్పకుడు, చెరిగిన ముద్రలను దిద్దకుడు. అది యెవరిదో, ఏ కొలువున తొడిగిరో, ఏ యేండ్లలోనో ఒక చీటిపై వ్రాసి జేబులో ఉంచుడు. చీటి లేని కోటు పాతబట్ట. చీటి యున్నది చరిత్ర.