హిమానీనదం తాకని లోయల్లో బంగారం

కెనడా వాయవ్య మూలన ఉన్న యూకాన్ ప్రాంతంలో, యూకాన్, క్లోండైక్ నదుల సంగమం వద్ద వెలసిన డాసన్ సిటీకి వెళ్లే యాత్రికుల కంట ముందుగా పడేవి, లోయల పొడవునా పాములా మెలికలు తిరిగిన గులకరాళ్ల దిబ్బలే. నీటిపై తేలుతూ, గొలుసుకు వరసగా బిగించిన తొట్లతో ముందున్న నేలను తవ్వి, లోపల కడిగి, బంగారం దక్కించుకొని, మిగిలిన రాళ్లను వెనక్కి పారబోసే డ్రెడ్జ్ అనే భారీ యంత్రాలు వీటిని పోశాయి. 1912లో నిర్మించిన, 1959 వరకు పనిచేసిన నాలుగో నంబరు డ్రెడ్జ్ బొనాంజా వాగు ఒడ్డున నేటికీ నిలిచి ఉంది.

ఆ కొండల్లోని స్ఫటికశిల చారల్లో ఇమిడిన బంగారం లక్షల ఏళ్ల పాటు ఎండావానలకు శిథిలమై వాగుల్లోకి జారింది. నీటి కంటే సుమారు 19 రెట్లు బరువైనది కావడంతో ఇసుకనూ కంకరనూ తప్పించుకొని అడుగు రాతి మీదికి దిగిపోయింది. ఇలా పేరుకొన్నదాన్ని ఒండ్రు నిక్షేపం అంటారు. కెనడాలో అధికభాగాన్ని మంచుయుగపు హిమానీనదాలు, అంటే మెల్లగా జారే మహా మంచురాశులు, గీకి తుడిచిపెట్టగా, సెయింట్ ఎలియాస్ పర్వతాలు పసిఫిక్ తేమను అడ్డుకొన్నందువల్ల హిమపాతం చాలని ఈ లోయల్లో ఆ కంకర చెక్కుచెదరలేదు.

అయితే హిమానీనదం రాని ఈ చోటనే నేల లోలోపల గడ్డకట్టింది. కనీసం వరసగా రెండేళ్లు సున్నా డిగ్రీలకు మించి వేడెక్కని ఇలాంటి నేలను పెర్మాఫ్రాస్ట్ అంటారు. 1896 ఆగస్టులో స్కూకమ్ జిమ్‌గా పేరొందిన కేష్, అతని మేనల్లుడు డాసన్ చార్లీ, బావ జార్జ్ కార్మాక్ కుందేలు వాగులో, అంటే నేటి బొనాంజాలో, బంగారం కనుగొన్నాక వెల్లువెత్తిన జనం ఈ నేలతోనే తలపడ్డారు. వారు చలికాలమంతా బావుల్లో మంటలు వేసి, కరిగినంత మేర తవ్వి, పైకి తోడిన కంకరను వేసవిలో వాగు పారినప్పుడు అడ్డుపట్టీలున్న చెక్కకాలువల్లో కడిగేవారు. అందరిలోకీ ఎక్కువగా నష్టపోయినవారు అక్కడి మూలవాసులైన ట్రోండెక్ హ్వెచిన్ ప్రజలే; నదీముఖాన ఉన్న తమ చేపల స్థావరాన్ని వదిలి దిగువన ఉన్న మూస్‌హైడ్‌కు తరలిపోవలసివచ్చింది. క్లోండైక్ అన్న పేరు కూడా ట్రోండెక్ అన్న వారి మాటను వచ్చినవారు పలకలేక పలికిన రూపమే.

కంకరపై కప్పుకొన్న, గడ్డకట్టిన నల్లని మట్టి గనివారికి తొలగించవలసిన చెత్త. జీవాశ్మ శాస్త్రజ్ఞులకు మాత్రం, చర్మం, వెంట్రుకలు సైతం చెడకుండా దాచిపెట్టిన సహజ శీతలగిడ్డంగి. 2022 జూన్‌లో యురేకా వాగు వద్ద తవ్వుతున్న గనివారికి అందులోనే 30,000 ఏళ్లకు పైబడిన పిల్ల మామత్ దేహం దాదాపు చెక్కుచెదరక దొరికింది. ట్రోండెక్ హ్వెచిన్ పెద్దలు హాన్ భాషలో దానికి నున్ చో గా, అంటే పెద్ద జంతువు పిల్ల, అని పేరు పెట్టారు.