వార్తల వెల్లువలో వివేకము

చెరువు నిండుట రైతునకు సంతోషము. కాని ఆ నీరంతయు ఒక్కమారుగా పొలముపై బడిన యెడల పైరు మునిగిపోవును. అందుకే పెద్దలు చెరువునకు తూమును, అలుగును ఏర్పరచినారు. నేడు సెల్‌ఫోను ద్వారా మన యిండ్లలో వచ్చి పడుచున్న సమాచారమును ఇట్టిదే.

తమిళనాట నివసించు మనబోటి తెలుగువారికి ఈ భారము మరింత హెచ్చు. ఇంట మాటలాడునది తెలుగు. ప్రభుత్వ ప్రకటనలు తమిళము. దరఖాస్తులు తరచుగా ఆంగ్లము. పెక్కు కుటుంబములలో వానిని చదివి తల్లిదండ్రులకు తెలియజెప్పువారు విద్యార్థులే. శుభోదయపు బొమ్మలు, సినిమా ముచ్చట్లు, పరీక్షలు వాయిదా పడినవను పుకార్లు నూరు చేరినప్పుడు, ఉపకారవేతనపు గడువును తెలుపు సందేశము కంటబడదు. నిరుడు మా విద్యార్థిని యొకతె యిట్లే నష్టపోయినది.

ఇది ఆమె బుద్ధిలోపము కాదు. మనస్సునకు ఒక మేర కలదు. మనము ఒక్కసారిగా జ్ఞప్తియందు నిలుపుకొనగల అంశములు రమారమి ఏడని 1956లో అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు జార్జి మిల్లర్ వ్రాసెను. తరువాతి పరిశోధకులు కొందరు నాలుగే యనిరి. సమాచారము పెరిగిన కొలదియు మన అవధానము కరవగునని 1971లో హెర్బర్ట్ సైమన్ వివరించెను.

దీనికి మార్గమును గ్రంథాలయములు చూపుచున్నవి. 1892లో శియాళిలో జన్మించి, 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారియైన ఎస్. ఆర్. రంగనాథన్ గారు 1931లో ఐదు సూత్రములను ప్రకటించిరి. పాఠకుని కాలమును కాపాడవలెననుట వానిలో నాల్గవది. గ్రంథాలయమున వేలకొలది పుస్తకములున్నను మనము బెదరము. ఏలన, అవి విషయక్రమమున అమర్చబడి యుండుటచే కోరినది మాత్రమే చేతికి వచ్చును.

ఇంటియందును మన మట్లే చేయవచ్చును. సందేశములను చూచుటకు ఉదయ సాయంకాలములందు కొంత వేళ నిర్ణయించుకొనవలెను. గడువు తేదీ కనబడిన వెంటనే గోడమీది క్యాలెండరుపై గుర్తింపవలెను. చదువుకొను వేళ సెల్‌ఫోను మరొక గదిలో నుండవలెను.

వచ్చిన ప్రతి వార్తకును మూలమును విచారింపవలెను. పుకార్లను నమ్మిన గుంపులు అమాయకులను చంపిన పిదప, 2018లో వాట్సాపు సంస్థ మన దేశమున ఒక సందేశమును ఒక్కమారు ఐదింటికి మించి పంపకుండ హద్దు పెట్టినది. పలుమారులు చేతులు మారిన సందేశముపై జంట బాణముల గుర్తు కనబడును. అది కనబడినచో నమ్ముటకు ముందు ఆగవలెను. ఇతరులకు పంపుటకు ముందు మరింత ఆగవలెను.

తల్లిదండ్రులకు మా మనవి యొకటి. అర్థము కాని ప్రకటన యేదైన వచ్చిన యెడల పిల్లలచేత పాఠశాలకు పంపుడు. చదివి తెలుగున వివరించుటకు మేము సిద్ధముగ నున్నాము. గడువు దాటక మునుపే పంపుడు.