తీగ ముందు... వైరు తర్వాత!

తెర మీద హీరోగారు గిటారు మెడలో వేసుకుని కొండెక్కుతాడు. ఆ గిటారుకి వైరుండదు. చుట్టుపక్కల మైకుండదు. అయినా కొండలూ కోనలూ మార్మోగిపోతాయి! వానలో తడిసినా శ్రుతి తప్పదు. వేళ్లు ఒకచోట, సంగీతం ఒకచోట ఉన్నా మనం పట్టించుకోం. ఆట వదలగానే ఇంటికొచ్చి, "అమ్మా, నాకో గిటారు కొనిపెట్టవూ?" అని మొదలెడతాం.

ఈ మోజు ఇవాళ్టిది కాదు లెండి. 1973లో 'యాదోం కీ బారాత్'లో జీనత్ అమన్ గిటారు పట్టుకుని పాడుతుంటే కుర్రకారు వెర్రెత్తిపోయారు. (తెర మీద గిటారు ఆమెది, రికార్డింగులో వాయించిన వేళ్లు మాత్రం గాయకుడు భూపిందర్ సింగ్‌వి!) ఆ సినిమాయే 1975లో మనకి 'అన్నదమ్ముల అనుబంధం' అయింది. ఆ తర్వాత 2008లో 'సూర్య సన్నాఫ్ కృష్ణన్'లో సూర్య రైలు పెట్టెలో గిటారు తీశాడో లేదో, మన ఇంజనీరింగ్ హాస్టళ్లలో గదికో గిటారు మొలిచింది. వాటిలో ఎన్ని ఇవాళ మోగుతున్నాయి, ఎన్ని బీరువాల మీద దుమ్ము కొట్టుకుంటున్నాయి అన్నదే అసలు ప్రశ్న.

దుమ్ము కొట్టుకోవడానికి కారణం బద్ధకమే అనుకుంటాం. చాలాసార్లు అది బద్ధకం కాదు, గిటారు. తీగ మరీ ఎత్తుగా ఉంటే నొక్కేసరికి వేళ్లు బొబ్బలెక్కుతాయి. నొక్కినా శ్రుతి పలకదు. పాపం, వాయించేవాడు "నాకు సంగీతం రాదు" అనుకుని మానేస్తాడు. వాడికి రాకపోవడం కాదు, వాడి చేతికి మంచి వాయిద్యం రాలేదు!

మా వీధి కుర్రాడొకడు ఆదివారాలు కేటరింగ్‌లో వడ్డనకి వెళ్లి అక్షరాలా పదివేలు కూడబెట్టాడు. పెళ్లిళ్లకు పాడే ఆర్కెస్ట్రావాళ్లు వాడితో, "వైరు తగిలించే గిటారు తెచ్చుకుంటే చూద్దాం" అన్నారట. మామూలు గిటారు ముందు మైకు పెడితే డ్రమ్ముల మోతలో అది వినపడదు. "అన్నయ్యా, నువ్వు పేపర్లకి రాస్తావుగా, నీకు తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?" అని నా దగ్గరకొచ్చాడు. పాతికేళ్లు ఆర్కెస్ట్రాల్లో గిటారు వాయించిన మాస్టారొకాయన నాకు పరిచయం. ముగ్గురం కలిసి సికింద్రాబాద్‌లో ఒక షాపుకి బయల్దేరాం.

సేల్స్ కుర్రాడు మెరుపులాంటి గిటారొకటి తెచ్చి ముందుంచాడు. నల్లటి నిగనిగలు, పక్కన నాలుగు మీటలు, ఎర్రగా వెలిగే లైటు. సంచీ, బెల్టు, పిక్కులు, కేపో, వైరు... అన్నీ కలిపి ఏడున్నర వేలట. "సూపర్ పీస్ అన్నా! ప్లగ్ పెట్టి చూపిస్తా, అదిరిపోతది" అన్నాడు. మావాడి కళ్లు అప్పటికే ఆ లైటుకి అతుక్కుపోయాయి.

"ప్లగ్ తర్వాత, నాయనా. ముందు ఉత్తిగా ఇవ్వు" అన్నారు మాస్టారు.

ఆ ఒక్క మాటలో ఆయన అనుభవమంతా ఉంది. ఈ జాతి గిటారులో రెండు వస్తువులుంటాయి. ఒకటి చెక్క పెట్టె, దాని మెడ, తీగలు. రెండోది కరెంటు సరంజామా. మనం తీగల కింద వంతెన అనుకునే బ్రిడ్జి మీద తెల్లటి ముక్కొకటి ఉంటుంది, దాన్ని శాడిల్ అంటారు. దాని అడుగున సన్నటి పట్టీలా పియజో పికప్ ఉంటుంది. కొన్ని స్ఫటికాల్ని నొక్కితే కరెంటు పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు కనిపెట్టారు చూశారూ, ఆ సూత్రమే. తీగ అదిరినప్పుడు శాడిల్ పట్టీని నొక్కుతుంది, చిన్న కరెంటు పుడుతుంది. దాన్ని లోపలి ప్రీయాంప్ బలపరిచి వైరుకి అందిస్తుంది. ప్రీయాంప్‌కి తిండి 9 వోల్టుల బ్యాటరీ. కచేరీల్లో వీణకి అతికించే కాంటాక్ట్ మైకు చూసే ఉంటారు. ఇదీ దాని బంధువే. ఈ పద్ధతికి పేరు తెచ్చినవారిలో 1966లో మొదలైన అమెరికన్ కంపెనీ ఓవేషన్ ఒకటి. ఆ కంపెనీ పెట్టిన చార్లెస్ కామన్ అసలు వృత్తి ఏమిటనుకున్నారు? హెలికాప్టర్లు తయారు చేయడం!

చెప్పొచ్చేదేమిటంటే, పికప్ బాగోకపోతే ఎప్పుడైనా మార్చుకోవచ్చు. లేని గిటారుకి కొత్తగా పెట్టించుకోవచ్చు. మెడ వంకరైతే మాత్రం పదివేల గిటారుకి ఆ మరమ్మతు గిట్టుబాటు కాదు. అందుకే తీగ ముందు, వైరు తర్వాత.

మాస్టారు జేబులోంచి రెండు రూపాయి బిళ్లలు తీశారు, ఈమధ్య వస్తున్న చిన్న బిళ్లలు. ఒకదాని మీద ఒకటి పెట్టి, పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగ కింద దూర్చారు. (వీణకి మెట్లెలాగో, గిటారుకి ఫ్రెట్లు అలాగ.) రెండు బిళ్లలూ హాయిగా దూరి, పైన ఇంకా ఖాళీ ఉంది. రెండు బిళ్లలంటే దాదాపు మూడు మిల్లీమీటర్లు. లావు తీగకి రెండున్నర, సన్న తీగకి రెండు ఉంటే చేతికి సుఖం. ఆపైన పన్నెండో ఫ్రెట్ మీద తీగని నొక్కకుండా తాకించి ఒకసారి, నొక్కి ఒకసారి మీటారు. రెండూ ఒకే స్వరం పలకాలి. ఫోన్లో ట్యూనర్ పెట్టి చూస్తే నొక్కిన స్వరం పైకి పోతోంది. "ఇది కింద 'స' పలికి పైన ఇంకేదో పలుకుతుంది" అని ఆ లైటు గిటారుని పక్కన పెట్టేశారు. మావాడి మొహం వాడిపోయింది.

రెండోది మెడ అంచున వేలితో నిమిరితే ఫ్రెట్ల కొనలు రంపంలా గీరుకున్నాయి. మూడోదాని బ్రిడ్జి వెనక అంచున విజిటింగ్ కార్డు దూరిపోయింది. బ్రిడ్జి లేస్తోందన్నమాట! బయటికి అందంగా ఉంది, ఆరు నెలల్లో ఊడి చేతికొస్తుంది.

నాలుగోది ఏ హంగూ లేని లేత చెక్క రంగు గిటారు. ఆరు తీగల మీదా ప్రతి ఫ్రెట్‌నీ మీటి చూశారు, ఎక్కడా 'జుర్రు' లేదు. మెడ లోపల ట్రస్ రాడ్ ఉందో లేదో కన్ను పెట్టి చూశారు. తీగల లాగుడుకి మెడ వంగితే సరిచేసే ఇనుప కడ్డీ అది. చవక గిటార్లలో కొన్నింటికి అసలు ఉండదు. అప్పుడు గానీ మాస్టారు వైరు అడగలేదు. వైరు పెట్టాక ఒక్కో తీగనీ ఒకే బలంతో మీటారు. ఆరూ ఒకే మోతాదులో వినిపించాలి. ఒక తీగ అరిచి పక్క తీగ గొణిగితే శాడిల్ అడుగు సమంగా లేదని లెక్క. వాల్యూమ్ మీట తిప్పినప్పుడు బరబరలు రాకూడదు. జాక్ దగ్గర వైరు కదిపితే శబ్దం తెగిపోకూడదు. అన్నీ సరిపోయాయి. ధర ఎనిమిదివేల నాలుగొందలు.

"అన్నయ్యా, దీనికి లైటు లేదు" అన్నాడు మావాడు నెమ్మదిగా. ఏమాటకామాటే చెప్పాలి, ఆ వయసులో లైటు కావాలనిపించడం తప్పేం కాదు. మాస్టారు నవ్వి, "పెళ్లి పందిట్లో లైట్లు వాళ్లు పెడతార్లే. నువ్వు మోగు" అన్నారు.

ఏ కంపెనీది కొనాలి అని మీరడుగుతారని తెలుసు. యమహా, కోర్ట్, ఫెండర్, ఐబనెజ్ మొదలుకొని మన కేడెన్స్, వాల్ట్, కలకత్తా గివ్‌సన్, హాబ్నర్ దాకా పేర్లు చాలానే ఉన్నాయి. కానీ ఒకే కంపెనీ, ఒకే మోడలు గిటార్లు రెండు పక్కపక్కన పెడితే ఒకటి చేతికి వెన్నలా, రెండోది ముళ్లకంచెలా ఉండొచ్చు. బొమ్మ చూసి ఆర్డరు పెట్టడం కంటే చేత్తో పట్టి చూడ్డం మేలనేది అందుకే. ఆన్‌లైన్‌లోనే కొనక తప్పకపోతే, వాపసు తీసుకునేచోట కొని, వచ్చిన రోజే ఆ రూపాయి బిళ్లల పరీక్ష పెట్టండి.

ఈ ధరలో పైచెక్క సాధారణంగా ప్లైవుడ్‌లా పొరలు అతికించిందే దొరుకుతుంది. 'సాలిడ్ టాప్' లేదే అని దిగులొద్దు. నాదం కొంచెం తగ్గుతుంది, నిజమే. కానీ విశాఖ ఉక్కనీ, కర్నూలు ఎండనీ ఒకే పలక చెక్క కంటే పొరల చెక్కే బాగా ఓర్చుకుంటుంది. స్టేజీ మీద 'కూ...' మని ఊళ వెయ్యడం కూడా తక్కువే.

ఇంకా తక్కువలో కావాలా? ఏప్రిల్, మే నెలల్లో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంవాళ్లు హాస్టల్ ఖాళీ చేసేటప్పుడు చూడండి. సూర్య పుణ్యమా అని కొన్న గిటార్లు సగం ధరకొస్తాయి. అందులో యమహా ఎఫ్-310 లాంటిది మెడ బాగున్నది దొరికితే కళ్లకద్దుకుని తెచ్చుకోవచ్చు. దానికి వైరుండదు. అయితేనేం? ఇంట్లో నేర్చుకునేవాడికి వైరుతో పనేముంది? స్టేజీ ఎక్కే రోజొచ్చినప్పుడు శబ్దరంధ్రంలో తగిలించే పికప్ పెట్టుకుంటే సరి. అసలు స్టేజీ ఆలోచనే లేనివాళ్లు ఆ ప్లగ్ కోసం అదనంగా పెట్టే డబ్బుని మంచి చెక్క మీద పెట్టాలని నా అభిప్రాయం.

ఫ్యాక్టరీ పికప్ నచ్చక వేరేది పెట్టుకోవడం బీదవాళ్ల బాధే అనుకునేరు! 1993లో నిర్వాణా బృందం ఎం.టి.వి. అన్‌ప్లగ్డ్ కచేరీలో కర్ట్ కోబేన్ వాయించింది 1959 నాటి మార్టిన్ డి-18ఇ. కంపెనీయే పికప్‌లు బిగించి అమ్మిన మోడలది. అవి చాలక ఆయన ఇంకో పికప్ తగిలించుకున్నాడు. అదే గిటారు 2020లో వేలంలో 60 లక్షల డాలర్లు దాటింది. మన లెక్కలో అప్పటికి సుమారు 45 కోట్లు!

మావాడి దగ్గర మిగిలింది పదహారొందలు. అందులో కొంత పెట్టి మాస్టారు చెప్పిన రిపేరరు చేత తీగల ఎత్తు ఇంకాస్త తగ్గించారు. లావు తీగలు తీసేసి సన్నవి, 10 నంబరు సెట్టు, వేయించారు. శాడిల్‌ని అరగదీసేటప్పుడు అడుగు చదునుగా ఉండాలనీ, లేకపోతే పికప్ మీద సరిగ్గా కూర్చోదనీ మాస్టారు పక్కనే నిలబడి మరీ చెప్పారు. తర్వాత మూడొందలకి శబ్దరంధ్రం మూసే రబ్బరు మూత ఒకటి కొన్నారు. స్పీకర్ల పక్కన నిలబడితే ఊళని ఆపేది అదే.

ఇప్పుడు వాడు పెళ్లిళ్లలో వాయిస్తున్నాడు. వైరు గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుందని తెలిశాక, పాటకీ పాటకీ మధ్య విరామం ఎక్కువైతే ముందు వైరు పీకేస్తాడు. ప్యాంటు జేబులో ఎప్పుడూ ఇంకో 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. దాన్ని చిల్లరతో కలిపి పెట్టొద్దని మాస్టారు చెప్పారట, ఆ రెండు కొనలకీ నాణెం తగిలితే జేబు కాలుతుందని.