ఏఆర్-15 లాగే ఉంటుంది.. కానీ ఏఆర్-15 హ్యాండ్‌గార్డ్ పట్టదు! హెచ్‌కే416 రైఫిల్‌తో అసలు చిక్కు ఎక్కడ?

యూట్యూబ్‌లో చూస్తే పది నిమిషాల పని. పాత హ్యాండ్‌గార్డ్ లాగేస్తారు, కొత్తది తోస్తారు, రెండు స్క్రూలు బిగిస్తారు, అయిపోయింది. అదే వీడియో చూసి జర్మనీ కంపెనీ హెక్లర్ అండ్ కోచ్ తయారు చేసిన రైఫిల్‌కి ఏఆర్-15 హ్యాండ్‌గార్డ్ ఆర్డర్ పెడితే మాత్రం డబ్బులు దండగ. అది ఎక్కదు. బలవంతంగా ఎక్కిస్తే ఇంకా ప్రమాదం.

అసలు హ్యాండ్‌గార్డ్ అంటే ఏంటి? రైఫిల్ ముందు భాగంలో ఎడమ చేత్తో పట్టుకునే తొడుగు. వరసగా కాల్చినప్పుడు బ్యారెల్ కాలిపోతుంది కాబట్టి చేతికి వేడి తగలకుండా కాపాడటం దాని మొదటి పని. ఇప్పుడు దాని మీదే టార్చ్, లేజర్, ముందు పట్టు, బైపాడ్ అన్నీ తగిలిస్తున్నారు. అందుకే పాత ప్లాస్టిక్ తొడుగు తీసేసి పొడవాటి అల్యూమినియం తొడుగు వేసుకోవడం ఫ్యాషన్ అయింది. మన దగ్గర బుల్లెట్ బండి కొనగానే సైలెన్సర్ మార్చినట్టు అన్నమాట.

ఏఆర్-15లో ఈ మార్పు సులువు కావడానికి కారణం ఒక నట్. యూజీన్ స్టోనర్ డిజైన్ చేసిన ఈ రైఫిల్ హక్కుల్ని ఆర్మలైట్ నుంచి కోల్ట్ కంపెనీ 1959లో కొనుక్కుంది. తర్వాత అదే ఎం16గా అమెరికా సైన్యంలోకి వెళ్లింది. సైన్యం వాడాక కొలతలన్నీ ఒక లెక్కకి వచ్చేశాయి. బ్యారెల్‌ని రిసీవర్‌కి బిగించే నట్ దగ్గర వ్యాసం 1.25 అంగుళాలు, అంగుళానికి 18 చుట్లు. ఎంత బిగించాలో కూడా రాసి ఉంది, 30 నుంచి 80 ఫుట్-పౌండ్ల మధ్య. ఈ కొలత ఎవరికైనా తెలుసు కాబట్టి, ఎక్కడో ఒక చిన్న వర్క్‌షాప్‌లో చేసిన హ్యాండ్‌గార్డ్ కూడా వేరే కంపెనీ రైఫిల్ మీద కూర్చుంటుంది.

ఇప్పుడు హెచ్‌కే416 చూద్దాం. ఏఆర్ కుటుంబం నుంచే వచ్చింది. అమెరికా డెల్టా ఫోర్స్ అవసరాల కోసం 2000ల మొదట్లో దీన్ని రూపొందించారు. నార్వే 2007లో తీసుకుంది. ఫ్రాన్స్ తన పాత ఫమాస్ స్థానంలో 2016లో దీన్నే ఎంచుకుంది. ఎం16 పట్టుకున్న సైనికుడికి ఇది కొత్తగా అనిపించదు. మీటలు అక్కడే, మ్యాగజైన్ అక్కడే. తేడా అంతా తొడుగు కింద ఉంది.

ఎం16లో తూటా పేలినప్పుడు వచ్చే గ్యాస్ సన్న గొట్టం గుండా నేరుగా వెనక్కి వచ్చి బోల్ట్ క్యారియర్‌ని నెడుతుంది. హెచ్‌కే416లో ఆ గొట్టం లేదు. గ్యాస్ ఒక చిన్న పిస్టన్‌ని కొడుతుంది, పిస్టన్ ఒక రాడ్‌ని తోస్తుంది, రాడ్ వెళ్లి క్యారియర్‌ని నెడుతుంది. మసి, వేడి రెండూ ముందు భాగంలోనే ఉండిపోతాయి. లాభమే, కానీ ఆ పిస్టన్‌కి, రాడ్‌కి, లావుపాటి గ్యాస్ బ్లాక్‌కి చోటు కావాలి. ఏఆర్-15 హ్యాండ్‌గార్డ్ లోపల అంత ఖాళీ ఉండదు. రాడ్ ఎక్కడైనా తొడుగుకి రాసుకుంటే రైఫిల్ మొరాయిస్తుంది. ఒక్కోసారి రెండో తూటాకే!

ఇక నట్ సంగతి. హెచ్‌కే416 బ్యారెల్ నట్ కంపెనీ సొంత డిజైన్. దాన్ని విప్పాలంటే ప్రత్యేక రెంచ్ కావాలి. ఫ్యాక్టరీ హ్యాండ్‌గార్డ్ ఈ నట్ మీదకి జారి, ఒక అడ్డ స్క్రూతో లాక్ అవుతుంది. ఇక్కడ జర్మన్ ఇంజినీర్ల తెలివి మెచ్చుకోవాలి. ఆ స్క్రూ విప్పడానికి స్క్రూడ్రైవర్ అక్కర్లేదు, రైఫిల్‌లోంచి తీసిన బోల్ట్ ముందు పళ్లే అందులో సరిగ్గా పడతాయి. అంటే సైనికుడు ఏ పనిముట్టూ లేకుండా తొడుగు తీసి, పిస్టన్ శుభ్రం చేసి, మళ్లీ వేసేయొచ్చు.

బయటి కంపెనీ హ్యాండ్‌గార్డ్ వేసుకునేవాళ్లు చాలామంది మర్చిపోయేది ఇదే. అమెరికాలో గైస్లీ లాంటి కంపెనీలు హెచ్‌కే416 కోసమే ప్రత్యేకంగా హ్యాండ్‌గార్డ్‌లు చేస్తున్నాయి. అవి పడతాయి, బాగుంటాయి, పొడుగ్గా ఉంటాయి. కానీ కొన్నది ఏదైనా రెండు విషయాలు చూసుకోవాలి. ఒకటి, పిస్టన్ శుభ్రం చేయడానికి దాన్ని తీయాల్సిందే. టార్క్ రెంచ్‌తో బిగించి, స్క్రూలకి గమ్ లాంటి థ్రెడ్‌లాకర్ పూసేస్తే, ప్రతిసారీ వర్క్‌షాప్‌కి పరుగెత్తాలి. బద్ధకించి శుభ్రం చేయకపోతే మసి గట్టిపడుతుంది. రెండోది, హెచ్‌కే416 ఏ5 రకంలో గ్యాస్ ఎంత రావాలో తిప్పి సెట్ చేసుకునే రెగ్యులేటర్ ఉంది, సప్రెసర్ తగిలించినప్పుడు పనికొస్తుంది. పొడవాటి తొడుగు దాన్ని కప్పేస్తే వేలు వెళ్లదు.

మరి ఇంత తేడా ఉంటే జనం ఎందుకు పొరపడుతున్నారు? తొడుగుకి బయటి ముఖం, లోపలి ముఖం అని రెండున్నాయి. బయటి ముఖానికి ఉమ్మడి కొలతలు ఉన్నాయి. పళ్లు పళ్లుగా కనిపించే పికటిన్నీ రైల్‌కి అమెరికా సైన్యం 1995లోనే స్టాండర్డ్ ఇచ్చింది. పొడుగు రంధ్రాల ఎం-లాక్‌ని మ్యాగ్‌పుల్ కంపెనీ 2014లో తెచ్చి, లైసెన్స్‌కి డబ్బులు తీసుకోకుండా ఇతర కంపెనీలకీ ఇచ్చింది. కాబట్టి టార్చ్ ఎవరిదైనా ఏ రైఫిల్ మీదైనా కూర్చుంటుంది. ఫొటోలో కనిపించేది ఈ బయటి ముఖమే. లోపలి ముఖం, అంటే రైఫిల్‌ని పట్టుకునే వైపు, ఎవరి సొంతం వాళ్లదే. ఆన్‌లైన్‌లో ‘పికటిన్నీ’, ‘ఎం-లాక్’ అని చూసి ఆర్డర్ పెట్టేవాళ్లు పప్పులో కాలేస్తున్నది ఇక్కడే.

పట్టకపోతే తిరిగి పంపేయొచ్చు. పట్టీ పట్టనట్టు కూర్చున్నదే అసలు తలనొప్పి. రాత్రిపూట గురి కోసం లేజర్‌ని హ్యాండ్‌గార్డ్ పైనే పెడతారు. 25 సెంటీమీటర్ల పొడవున్న తొడుగు లూజై, ముందు కొస 1 మిల్లీమీటర్ పక్కకి జరిగిందనుకోండి. లేజర్ కూడా అంతే కోణంలో తిరుగుతుంది. 100 మీటర్ల దూరంలో ఆ చుక్క దాదాపు 40 సెంటీమీటర్లు పక్కకి పోతుంది. అంటే గురి మనిషి ఛాతీ మీద అనుకుంటే తూటా పక్కనున్నవాళ్లకి తగలొచ్చు. చేతికి మాత్రం ఆ 1 మిల్లీమీటర్ తెలియను కూడా తెలియదు. అందుకే ఆర్మరర్లు స్క్రూ మీద నుంచి తొడుగు మీదకి పెయింట్‌తో చిన్న గీత గీస్తారు. గీత విరిగి కనిపిస్తే స్క్రూ కదిలినట్టే.

భారత్‌కి దీంతో సంబంధం ఉంది. మన సైన్యం కోసం 2019లో 72,400 సిగ్716 రైఫిళ్లకి ఒప్పందం జరిగింది, 2024లో మరో 73,000కి. ఇవి 7.62 ఎంఎం తూటా వాడే, ఏఆర్ తరహా పెద్ద రైఫిళ్లు. ఈ సైజులో ఏఆర్-15కి ఉన్నట్టు అందరూ పాటించే ఒకే కొలత అంటూ ఏదీ లేదు. ఆర్మలైట్ కొలత వేరు, డీపీఎంఎస్ కొలత వేరు. డీపీఎంఎస్‌లోనే ఎత్తు రిసీవర్, పొట్టి రిసీవర్ అని రెండు రకాలు. కాబట్టి ఏఆర్-15 హ్యాండ్‌గార్డ్ సిగ్716కి పట్టదు, పాడైతే దాని కోసమే చేసినది వెతుక్కోవాలి. హైదరాబాద్‌లో ఐకామ్ సంస్థ యూఏఈకి చెందిన కారకాల్ భాగస్వామ్యంతో 2024లో చిన్న ఆయుధాల ప్లాంట్ తెరిచింది. కారకాల్ సీఏఆర్ 816 కూడా హెచ్‌కే416 లాగే చిన్న పిస్టన్‌తో నడిచే రైఫిలే. ఇలాంటి ఆయుధాల విషయంలో రైఫిల్ ధర ఒక్కటే చూస్తే సరిపోదు. నట్, తొడుగు, వాటిని విప్పే రెంచ్ 20 ఏళ్ల తర్వాత ఎవరి దగ్గర దొరుకుతాయి, ఆ డ్రాయింగ్‌లు ఎవరి చేతిలో ఉంటాయి అన్నది కూడా అడగాల్సిందే.

మన దేశంలో మామూలు పౌరులకి ఈ గొడవే లేదు. 7.62, 5.56 ఎంఎం లాంటి మిలటరీ బోర్ తుపాకులు ఆయుధ చట్టం కింద నిషేధిత కోవలోకి వస్తాయి, సాధారణ లైసెన్స్‌తో దొరకవు. అమెరికాలో ఉంటూ షూటింగ్ హాబీగా పెట్టుకున్న తెలుగువాళ్లకి మాత్రం ఇంకో మెలిక ఉంది. దిగుమతి భాగాలతో కొన్ని రకాల సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు బిగించడంపై అక్కడి ఫెడరల్ చట్టంలో 922(ఆర్) అనే సెక్షన్ ఉంది. ప్రభుత్వం ఇచ్చిన జాబితాలోని దిగుమతి భాగాలు 10కి మించకూడదు. ఆ జాబితాలో హ్యాండ్‌గార్డ్ కూడా ఉంది. అమెరికాలో తయారైన తొడుగు తీసేసి విదేశీ తొడుగు వేస్తే లెక్క ఒకటి పెరుగుతుంది. పైగా కాలిఫోర్నియా, న్యూజెర్సీ లాంటి రాష్ట్రాల్లో అసాల్ట్ వెపన్ చట్టాలు ఇంకా కఠినం. ఆర్డర్ పెట్టేముందు రైఫిల్ మోడల్ నంబర్, గ్యాస్ బ్లాక్ రకం, బ్యారెల్ నట్ ఎవరిదో రాసిపెట్టుకుని, ఆ రాష్ట్రంలోని లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్‌కి చూపించడం మంచిది.