గుళిక ఆగే చోటు: గాలితుపాకీ సాధనకు లక్ష్యపీఠం, గుళికల పెట్టె

చెన్నైలో పుట్టి హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో కాంస్య పతకం గెలుచుకున్నారు. అంతకు నాలుగేళ్ల ముందు, 2008లో, బీజింగులో అభినవ్ బింద్రా అదే పోటీలో స్వర్ణం సాధించారు. ఈ క్రీడపై మక్కువ గల పిల్లలు మన తెలుగు కుటుంబాలలోనూ ఉన్నారు. శిక్షణ కేంద్రంలో దొరికే కొద్దిపాటి సమయం చాలక, ఇంటనే ఒక లక్ష్యాన్ని అమర్చుకోవాలన్న ఆలోచన రావడం సహజం. అద్దె ఇళ్లలో, గోడకు గోడ ఆనుకొని ఉన్న వాడలలో నివసించేవారు ఆ ఏర్పాటును ఎట్లా చేసుకోవాలో, ఎక్కడ చేసుకోరాదో ఈ వ్యాసం తెలియజేస్తుంది.

చట్టం

2016 నాటి ఆయుధ నియమావళి ప్రకారం గొట్టపు వ్యాసం 4.5 మిల్లీమీటర్లకు, గుళిక శక్తి 20 జౌళ్లకు మించని గాలితుపాకీకి లైసెన్సు అవసరం లేదు. లైసెన్సు అవసరం లేనంత మాత్రాన అది ఆటవస్తువు కాదు. పోటీలలో వాడే సీసపు గుళిక బరువు సుమారు అర గ్రాము. గొట్టం విడిచేటప్పుడు దాని వేగం సెకనుకు 170 మీటర్ల వరకు, అనగా గంటకు 600 కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. కంటికి తగిలితే చూపు పోతుంది. ఇతరుల ప్రాణానికి గాని, దేహరక్షణకు గాని ముప్పు తెచ్చే నిర్లక్ష్యపు చర్య భారతీయ న్యాయ సంహిత, 2023లోని 125వ సెక్షను కింద నేరం. పిట్టలను, వీధికుక్కలను గురిచూడడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 లేదా జంతు హింసా నివారణ చట్టం, 1960 కిందికి వస్తుంది.

స్థలం

తుపాకీ పేల్చిన వ్యక్తి బాధ్యత గుళిక ఆగే వరకు కొనసాగుతుంది. కాబట్టి లక్ష్యాన్ని గురించి ఆలోచించే ముందు, గురి తప్పిన గుళిక ఎక్కడికి పోతుందో ఆలోచించాలి. లక్ష్యం వెనుక కిటికీ, తలుపు లేని నిండు ఇటుక గోడ ఉండాలి. కాల్చేవారికి, లక్ష్యానికి నడుమ ఏ గది తలుపూ తెరుచుకోరాదు. అపార్టుమెంటు డాబా, బాల్కనీ, ఉమ్మడి నడవ ఇందుకు పనికిరావు. ఆరుబయట దారి తప్పిన గుళిక కొన్ని వందల మీటర్లు పోగలదు. ఇంటి యజమాని అనుమతి, పొరుగువారికి ముందస్తు సమాచారం తప్పనిసరి అని భావించండి. ఈ షరతులలో ఏ ఒక్కటి కుదరకపోయినా ఇంటి సాధన మానుకొని శిక్షణ కేంద్రానికే వెళ్లడం మేలు.

పది మీటర్ల నిడివి లేని ఇంట్లో ఐదు మీటర్ల నుంచి సాధన చేయవచ్చు. అప్పుడు 45.5 మిల్లీమీటర్ల రైఫిల్ లక్ష్యాన్ని సగానికి కుదించి ముద్రించుకోవాలి. అయితే దూరం తగ్గేకొద్దీ ఎగిరి వెనక్కి వచ్చే తునకల ప్రమాదం పెరుగుతుంది.

పెట్టె

గుళికను క్రమంగా నెమ్మదింపజేసి, లోపలే నిలిపివేయడం పెట్టె పని. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో లోపలి కొలత 40 సెంటీమీటర్ల వెడల్పు, అంతే ఎత్తు, 25 సెంటీమీటర్ల లోతు ఉండేటట్లు ముందువైపు తెరిచిన పెట్టెను చేయించండి. పిస్టల్ కార్డు 17 సెంటీమీటర్ల చదరం కనుక, చుట్టూ 11 సెంటీమీటర్లకు పైగా రక్షణ మిగులుతుంది. పైమూతను మరలు విప్పి తీయగలిగేటట్లు అమర్చాలి.

వెనుకగోడ లోపలివైపు 3 మిల్లీమీటర్ల ఇనుప పలకను ఆనించి నిలపాలి. వెల్డింగు దుకాణంలో కొలత చెప్పి కోయించుకోవచ్చు; బరువు సుమారు నాలుగు కిలోలు ఉంటుంది. దాని ముందు పాత నూలు బట్టలను మడిచి, పెట్టె నిండేదాకా బిగువుగా కూరాలి. ఆ ఒత్తిడే పలకను కదలకుండా పట్టి ఉంచుతుంది. బట్టలకు గుండీలు, జిప్పులు, కొక్కేలు ఉండరాదు. గుళిక వాటికి తగిలితే దారి మళ్లుతుంది. తెరిచిన ముందువైపున మందపాటి అట్టను బిగించి, దానిపై లక్ష్యపు కార్డును గుచ్చాలి.

బట్టలు లేకుండా ఒక్క ఇనుప పలకనే వాడితే గుళిక చితికి, సీసపు ధూళి గదిలోకి లేస్తుంది. ఇటుకలు, రాళ్లు పెచ్చులుగా ఎగురుతాయి. ఉక్కు గుండ్లను ఈ పెట్టెపై ఎన్నడూ కాల్చరాదు. అవి చితకవు, వేగంగా వెనక్కి రాగలవు.

పీఠం

పోటీ నిబంధనల ప్రకారం లక్ష్యపు నడిబొడ్డు నేల నుంచి 1.40 మీటర్ల ఎత్తున ఉండాలి. ఐదు సెంటీమీటర్ల చదరపు కర్రలను రెండు నిలువుగా నిలిపి, వాటి నడుమ 1.18 మీటర్ల ఎత్తున అడ్డపలక బిగిస్తే, దానిపై పెట్టిన పెట్టె మధ్యభాగం సరిగ్గా ఆ ఎత్తుకు వస్తుంది. నిలువు కర్రలను పెట్టె పైఅంచు వరకు పెంచి, పక్కలకు మరలతో బిగించాలి. పెట్టె బరువు పదిహేను కిలోలు దాటవచ్చు కనుక, ప్రతి కర్ర కింద ముందువెనుకలుగా 80 సెంటీమీటర్ల పొడవు గల పాదం అమర్చి, దానిపై ఇసుక మూట ఉంచాలి. చిన్నపిల్లలు పట్టుకొని లాగినా పీఠం ఒరగకూడదు. పీఠం వెనుక, గోడకు ముందు, మరొక ప్లైవుడ్ పలకను నిలిపి, దానిపై పాత కంబళి వేలాడదీస్తే గురి తప్పిన గుళిక కూడా అక్కడే ఆగుతుంది.

పరీక్ష

సాధన మొదలుపెట్టే ముందు పెట్టె వెనుక, పక్కల, అడుగున వార్తాపత్రికను అంటించండి. కంటి రక్షణకు పాలికార్బనేట్ అద్దాలు ధరించి, పది గుళికలు కాల్చి చూడండి. కాగితంపై ఒక్క చిల్లి పడినా, ఉబ్బు కనిపించినా పెట్టె పనికిరాదు. గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ అద్దాలు ధరించాలి. ఒకే చోట తగిలే గుళికలు బట్టలలో సొరంగం చేస్తాయి కనుక, కొన్ని వందల గుళికలకొకసారి మూత తీసి బట్టలను తిరగవేయాలి, చిరిగిన అట్టను మార్చాలి. తుపాకీని, గుళికలను వేరువేరుగా తాళంలో ఉంచాలి. పెద్దల సమక్షంలో తప్ప పిల్లల చేతికి ఇవ్వరాదు.

సీసం

కంటికి కనిపించని ప్రమాదం సీసానిది. ఇది పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత మోతాదు వరకు హాని లేదని చెప్పగల హద్దు ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తున్నది. ఐదు వందల గుళికల డబ్బా ఒకటి పూర్తయ్యేసరికి పెట్టెలో పావుకిలోకు పైగా సీసం చేరుతుంది. దానిని తీసేటప్పుడు చేతి తొడుగులు, మాస్కు ధరించండి. గర్భిణులు, పిల్లలు దగ్గర ఉండరాదు. నేలను చీపురుతో ఊడ్చవద్దు, తడిగుడ్డతో తుడవండి. సాధన ముగిసిన వెంటనే, ఏదైనా తినే ముందు, సబ్బుతో చేతులు కడుక్కోండి. వంటింట్లోను, పిల్లలు పడుకునే గదిలోను పీఠం పెట్టవద్దు.

వాడిన గుళికలను, సీసం పట్టిన బట్టలను మూత గల డబ్బాలో భద్రపరచి, తడిచెత్తలో గాని పొడిచెత్తలో గాని కలపకుండా, ఇంటి ప్రమాదకర వ్యర్థాలుగా విడిగా పారిశుద్ధ్య సిబ్బందికి అప్పగించండి. డబ్బాపై ‘సీసం’ అని ఈ రాష్ట్ర భాషలో కూడా రాస్తే, దానిని అందుకునే కార్మికులకు మేలు చేసినవారవుతారు. ఇల్లు ఖాళీ చేసే రోజున పీఠం ఉన్న గది నేలను, గోడ అడుగుభాగాన్ని రెండుసార్లు తడిగుడ్డతో తుడవండి. మీ తరువాత ఆ గదిలోకి వచ్చే కుటుంబంలో పాకే బిడ్డ ఉండవచ్చు.